పంటు సీను మొదటి రోజే పెట్టుకోండి

ప్రశ్న: డిగ్రీ ప్రాజెక్టు కోసం 12 పేజీల లఘుచిత్రం తీస్తున్నాం. ఏప్రిల్ ఆఖర్లో నాలుగు రోజులు అనుకున్నాం. సఖినేటిపల్లి పంటు (జనాన్ని గోదావరి దాటించే పెద్ద పడవ), కాలువ గట్టు, నడిమధ్య పైకప్పు లేని ఒక మండువా ఇల్లు: ఇవే లొకేషన్లు. కథ వరసలోనే తీద్దామని మా టీము అంటోంది. షెడ్యూల్ ఎలా వేసుకోవాలి?
– ఓ విద్యార్థిని, నరసాపురం

జవాబు: కథ వరసలో తీస్తే ఆ మండువా ఇంటికే మూడుసార్లు సామాను మోయాల్సి వస్తుంది. సీన్లను ముందు లొకేషన్ని బట్టి, తర్వాత పగలూ రాత్రీ చూసి, ఆపైన నటుల వీలును బట్టి విడగొట్టండి. పేజీలు కాదు, షాట్లు లెక్కపెట్టండి. ‘పంటు దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది’ అన్నది స్క్రిప్టులో ఒక్క లైనే, తీయబోతే అయిదు షాట్లు. కొత్త టీముకి ఒక్కో షాటుకి 25 నిమిషాలైనా పడుతుంది. ఎనిమిది గంటల పనికి 18 షాట్లకి మించి రాసుకోవద్దు.

మీకు అసలు చిక్కు కాలువతో. దాళ్వా (రెండో వరి పంట) అయిపోయే వేళకి డెల్టా కాలువలకి నీళ్లు ఆపేస్తారు, మళ్లీ నీళ్లు వదిలేది సాధారణంగా జూన్‌లోనే. నిండు కాలువని ఊహించుకుని వెళ్తే బురద, గుర్రపుడెక్క కనిపిస్తాయి. ఈసారి ఎప్పుడు ఆపుతున్నారో లాకుల దగ్గర ఇప్పుడే కనుక్కోండి. మీ తేదీలకన్నా ముందే అయితే ఆ ఒక్క సీనూ ముందుగానే ఓ ఆదివారం తీసేయండి. మిగతా సీన్లలో తేడా రాకుండా బట్టలు, జుట్టు, చేతిలో సంచీ, అన్నీ ఫొటోలు తీసి ఉంచుకోండి.

పంటు సీను మొదటి రోజే. చెడిపోతే మళ్లీ తీయడానికి మూడు రోజులు చేతిలో ఉంటాయి. రేవు పాటదారుని ముందే కలవండి, జనం పలచగా ఉండే వేళ ఆయనకే తెలుస్తుంది. అక్కడ వశిష్ఠ గోదావరికి సముద్రపు పోటూ పాటూ తగులుతాయి. పొద్దున మునిగి ఉన్న రేవు మెట్టు మధ్యాహ్నానికి ఒండ్రుతో బయటపడుతుంది, దాని పక్క గోడ మీద తడి గీత కనబడిపోతుంది. ఆ రెండు వేళల షాట్లూ ఒకే సంభాషణలో అతికితే కుదరదు. అందుకే మెట్లు కనిపించే షాట్లన్నీ ఒక్క గంటలో ముగించండి. పోటు ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, మర్నాడు రీటేక్ ఉంటే మీరూ అంత ఆలస్యంగా వెళ్లండి. ఇంజిను మోతలో మాటలు దక్కవు. దిగగానే గట్టు మీద, నటులకి ఆ ఊపు ఉండగానే, డైలాగులు మళ్లీ రికార్డు చేయండి. ఎడిటింగులో కలపడానికి ఇంజిను చప్పుడు ఒక నిమిషం విడిగా పట్టండి.

ఏప్రిల్ ఆఖరికి మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. ఆరుబయట 11 నుంచి 2 దాకా ముఖాల్లో కళ్లు నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. ఆ వేళ గదుల్లో సీన్లకి వాడుకోండి. మండువాలో పడే ఎండ మాత్రం నిలవదు, గంటలో జరిగిపోతుంది. ఆ ఎండ కనిపించే వైడ్ షాట్లు ముందు, క్లోజప్పులు తర్వాత, థర్మాకోల్ షీటుతో వెలుగు కొట్టి. నాలుగో రోజు సగం ఖాళీగా వదలండి.

ప్రశ్న: తెల్లవారుజామున కెమెరా బయటికి తీయగానే లెన్స్ మసకబారుతోంది. తుడిచినా మళ్లీ అదే.
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ఏసీ గదిలో చల్లబడిన గాజుకి బయటి ఉక్కగాలి తగిలి ఆవిరి పడుతోంది. తుడవకండి, గాజు వేడెక్కేదాకా అది వస్తూనే ఉంటుంది. గదిలో ఉండగానే కెమెరాని గాలి చొరని జిప్ కవర్లో పెట్టి, బయట అరగంట ఉంచి, అప్పుడు తెరవండి. ఏప్రిల్ ఆఖర్లో 5:40 ప్రాంతంలో వచ్చే సూర్యోదయం కావాలంటే 5 గంటలకే కవరు బయట ఉండాలి. రాత్రి ఏసీ లేని గదిలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.