శ్రీగంధం పెట్టే ముందు తోటలో రాత్రి ఎవరు పడుకుంటారో తేల్చుకోండి

అనంతపురం జిల్లాలో రెండెకరాల ఎర్రనేల ఉంది, మొదటిసారి శ్రీగంధం పెట్టాలనుకుంటున్నాను, ఎలా పెంచాలి, దొంగల నుంచి ఎలా కాపాడుకోవాలి అని అడిగారు. ముందు దొంగల సంగతే చెబుతాను. పెంచడం గురించి చెప్పేవాళ్లు మీకు వీధికొకరు దొరుకుతారు.

కళ్యాణదుర్గం దగ్గర 2007లో ఎకరంన్నరలో పెట్టాను నేను. పదమూడేళ్లు ఏ దొంగా ఆ వైపు చూడలేదు. చూడరు కూడా. చెట్టులో చేవ, అంటే కాండం మధ్యలో వాసనొచ్చే గట్టి చెక్క, పట్టేదాకా అది వాళ్లకి వంటచెరుకుతో సమానం. చేవ పట్టడం మొదలవడానికే దాదాపు పదేళ్లు పడుతుంది. అప్పటికి మనకి ధైర్యం వచ్చేస్తుంది, కాపలా వదిలేస్తాం. సరిగ్గా అక్కడే దెబ్బ తింటాం.

2021లో శివరాత్రి వెళ్లిన వారానికి మోటారు వేయడానికి పోయి చూస్తే ఒక చెట్టు మొదట్లో చిటికెన వేలు పట్టేంత రంధ్రం కనిపించింది. దాన్ని తడి మట్టితో పూడ్చారు. కింద చిటికెడు పొట్టు రాలి ఉంది. కాండం తొలిచే పురుగు అనుకుని కిరోసిన్‌లో ముంచిన దూది కుక్కి వచ్చేశాను. మరో రెండు రోజులకి ఇంకో పది చెట్లకి అలాంటివే కనిపించాయి. అప్పుడైనా ఆ పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూసి ఉంటే తెలిసేది. పురుగు తొలిచిన రంధ్రం వంకరగా ఉంటుంది, దాని రెట్ట ఉండలుగా బయట పడుతుంది. ఇది బర్మా పెట్టి తొలిచినట్టు గుండ్రంగా, నున్నగా ఉంది. పొట్టు వాసన వస్తే చేవ ఉన్నట్టు. పైచెక్క తెల్లగా ఉంటుంది, దానికి వాసనే ఉండదు. దొంగలు ఏ చెట్టు కొయ్యాలో చూసుకుని పోయారు.

ఉగాదికి ముందు అమావాస్య రాత్రి అందరం ఊళ్లోనే ఉన్నాం. పొద్దున పోయేసరికి ఆరు చెట్లు మోకాలెత్తున కోసి ఉన్నాయి. కొమ్మలు, ఆకు అక్కడే పారేసి మొద్దులు మాత్రం ఎత్తుకుపోయారు. చేతిరంపంతో కోశారు కాబట్టి పక్క చేను వాళ్లకి కూడా చప్పుడు వినపడలేదు. కోసిన మొదలు మీద మధ్యలో పిడికిలంత గోధుమరంగు చేవ, దాని చుట్టూ తెల్లటి వలయం. ఆ వాసన తోటంతా ఉంది. మా అమ్మ ఆ మొదలు మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. ఆ మొక్కలకి మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్లు పోసింది ఆమే.

ఫిర్యాదు ఇద్దామని పోతే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంది. అక్కడ మొదట అడిగిన మాట, "అడంగల్‌లో చెట్లు ఎక్కించారా?" అని. అడంగల్ అంటే ఏ పొలంలో ఏముందో రాసే రెవెన్యూ లెక్క. ఎక్కించలేదు. నా చెట్టు పోయిందని చెప్పుకోవడానికి అది నాదేనని ముందు రుజువు చేయాల్సి వచ్చింది. అందుకే మీరు నాటిన ఏడాదే అడంగల్‌లో ఎక్కించండి, ఏటా లెక్కపెట్టి ఫోటోలు తీసి పెట్టుకోండి. మన దగ్గర శ్రీగంధం నరకాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. టిప్పు సుల్తాన్ 1792లో దీన్ని రాజవృక్షమన్నాడు, అంటే ఎవరి నేలలో పెరిగినా చెట్టు రాజుదే. పక్కనున్న కర్ణాటకలో కూడా, పొలంలో పెరిగిన చెట్టు రైతుదేనని చట్టం మార్చడానికి 2001 దాకా పట్టింది.

తర్వాత సీసీ కెమెరాలు పెట్టించాను. తువ్వాలు చుట్టుకున్న మొహం బొమ్మ తప్ప వాటితో ఏమొస్తుంది? కుక్కకి మాంసం ముక్క చాలు. మనిషే కావాలి. నాకు ఆ మనిషి గొర్రెల మంద రూపంలో దొరికాడు. మా వైపు వేసవిలో పొలంలో ఎరువు కోసం మంద కట్టించుకోవడం పాత అలవాటు. చెట్లు గొర్రెకి అందనంత ఎత్తు పెరిగాయి కదా అని 2022 నుంచి తోటలోనే కట్టిస్తున్నాను. కాపరి, అతని భార్య, తమ్ముడు ముగ్గురూ అక్కడే పడుకుంటారు. మొదటి ఏడాదే ఒక రాత్రి ఫోన్ వచ్చింది. "అన్నా, ఎవరో టార్చి ఏసుకుని మీ చెట్లు తడుముతాండారు, మేం అరిస్తే గట్టు దూకి పోయినారు" అని. నేను పోయేసరికి కాపరి భార్య కట్టె పట్టుకుని గట్టు మీదే నిలబడి ఉంది. ఆ ఏడాది మంద కూలితో పాటు ఆమెకి చీర పెట్టాం. ఆ రాత్రి తర్వాత ఒక్క చెట్టు పోలేదు. తోటకి పేడ కూడా దక్కింది.

అయితే మొదటి నాలుగైదేళ్లు మేకనీ గొర్రెనీ దగ్గరికి రానివ్వకండి. ఈ ఆకు దొరికితే మొక్కని మోడు చేసేదాకా వదలవు.

ఇక పెంపకం. శ్రీగంధం ఒంటరిగా బతకదు. దాని వేరు పక్క మొక్క వేరుని పట్టుకుని కొంత తిండి లాక్కుంటుంది. నర్సరీ సంచిలో శ్రీగంధం పక్కన పొన్నగంటి కూర ఉంటుంది, కలుపనుకుని పీకేయకండి. నాటాక పక్కనే కంది వేయండి, పది అడుగుల ఎడంలో వరసల మధ్య సరుగుడు పెట్టండి. ఒకసారి జాగ్రత్తగా తవ్వి చూశాను, సరుగుడు వేరు మీద చిన్న బొడిపెల్లా అతుక్కుని ఉన్నాయి దీని వేళ్లు. మా పొలంలో కంది ఎండిపోయిన వరసలో మొక్కలు పసుపుపచ్చగా మారి నిలబడిపోయాయి. ఎరువు వేసినా కోలుకోలేదు, మళ్లీ కంది వేశాకే చిగురు తొడిగాయి. నీళ్లు నిలబడే చోట మాత్రం అసలు పెట్టకండి, వేరు కుళ్లిపోతుంది. మన ఎర్రనేల, మన తక్కువ వానే దీనికి నయం.

ఎకరానికి కోట్లు వస్తాయని మొక్కలమ్మేవాళ్ల మాట నమ్మి అప్పు మాత్రం చేయకండి. మా మండలంలో బంగారం కుదువ పెట్టి నాటిన వాళ్లున్నారు. ఎనిమిదో ఏడు పిల్ల పెళ్లొచ్చింది, చెట్టులో చేవ లేదు. పదిహేను ఇరవై ఏళ్లు ఆ నేల మీద రూపాయి రాకపోయినా ఇల్లు గడిచేవాళ్లే పెట్టాలి.

మీ పొలం ఊరికి ఎంత దూరమో, అక్కడ రాత్రి ఉండేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో రాయండి. ఎవరూ లేకపోతే, నేనైతే ఆ రెండెకరాల్లో చీనీ (బత్తాయి) పెట్టుకోమంటాను.