పాత క్షవరం కత్తికి మెరుగు, పదును: మొదటిసారి పట్టుకునేవాళ్లకి

ప్రశ్న: పాత పెట్టెలో మడత పెట్టే క్షవరం కత్తులు రెండు దొరికాయి. ఒకదాని మీద ఎర్ర తుప్పు ఉంది. రెండోదాని పిడి పసుపు రంగుకి తిరిగి అక్కడక్కడ చిట్లింది. చిన్న రోటరీ మెషిన్‌తో మెరుగు పెట్టి, సానపట్టి, గడ్డం గీసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మెషిన్ వద్దు. తుప్పు పట్టిన కత్తితో మొదలుపెట్టండి. పిడి చిట్లినదాన్ని మాత్రం ఇవాళే వేరే చోట పెట్టండి, కారణం కింద చెబుతాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. వంటింటి కత్తిని సానపట్టేటప్పుడు కోణం మన చేతిలో ఉంటుంది. ఈ కత్తికి కోణాన్ని దాని వెన్నే, అంటే వాదరకి (తెగే అంచుకి) ఎదురుగా ఉండే మందపాటి అంచే, నిర్ణయిస్తుంది. సానరాయి మీద వెన్ను, వాదర రెండూ ఒకేసారి ఆనుతాయి, కాబట్టి వెన్ను మందానికీ కత్తి వెడల్పుకీ ఉన్న నిష్పత్తే పదును కోణం. ఉదాహరణకి వెడల్పు 16 మి.మీ. (పాత లెక్కలో అంగుళంలో 5/8 వంతు), వెన్ను మందం 4.6 మి.మీ. అనుకోండి. కోణం 16 డిగ్రీలు దాటి కాస్త వస్తుంది, అది సరైన కోణమే. మెరుపు కోసం వెన్నుని రుద్ది రుద్ది 4 మి.మీ.కి తెస్తే కోణం 14 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. అంత పలచని వాదర రెండు గడ్డాలకే పెచ్చులూడుతుంది. పోయిన ఇనుము తిరిగి రాదు. అందుకే ఈ పనిలో ఎంత రుద్దామన్నది కాదు, ఎక్కడ చెయ్యి ఆపామన్నదే నేర్పు.

రుద్దడానికి ముందు కత్తి బతికే ఉందో లేదో చూడాలి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి తప్పనిసరి. వాదర పొడవునా నెమ్మదిగా చూడండి. మడమ దగ్గర, అంటే పిడి వైపు చివర, సన్నని బీటలు ఎక్కువగా వస్తాయి. అనుమానం ఉంటే ఆ చోట పలచటి నూనె చుక్క వేసి, రెండు నిమిషాలాగి, పొడిగుడ్డతో బాగా తుడిచి మళ్లీ చూడండి. బీట ఉంటే అందులోంచి నూనె గీతలా ఊరుతుంది. గోటితో వాదర వైపు మెల్లగా మీటితే పలచటి కత్తి ఖంగుమని మోగాలి. మొద్దు చప్పుడొస్తే బీట కోసం మళ్లీ వెతకండి. బీట కనిపించిన కత్తి చూసుకోవడానికే తప్ప మొహం మీదికి పనికిరాదు, అది ఎంత అందంగా ఉన్నా సరే.

తుప్పు గుంటలు ఎక్కడున్నాయో కూడా గమనించండి. వెన్ను దగ్గర, నడుమ ఉన్నవాటితో పేచీ లేదు. వాదరకి రెండు మూడు మిల్లీమీటర్ల లోపల సూదిమొన చుక్కల్లా నల్లటి గుంటలుంటే మాత్రం అవి చూపుకి ఉన్నదానికంటే లోతుగా పోయి ఉంటాయి. సానపట్టేకొద్దీ వాదర ఆ గుంటల్లోకి దిగి, అక్కడక్కడ రాలిపోతుంది.

ఇక పిడి చిట్లిన కత్తి. పసుపు రంగు, గళ్లుగళ్లుగా చిట్లడం చూస్తే సెల్యులాయిడ్ అయి ఉండొచ్చు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే అదే. కాల్చిన సూదితో గుచ్చి చూడమని కొందరు చెబుతారు, ఆ పని చేయకండి. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. పాతబడి విరిగిపోయే సెల్యులాయిడ్ నత్రికామ్లపు ఆవిర్లు వదులుతుంది. కత్తి మడిచి ఉన్నప్పుడు ఆ ఆవిర్లన్నీ ఇనుము మీదే పడతాయి. అందుకే ఇలాంటి కత్తుల్లో తుప్పు సరిగ్గా పిడి లోపల దాగే భాగంలోనే పడుతుంది. పక్కనున్న మంచి కత్తులకీ పాకుతుంది, అందుకే వేరుగా పెట్టమన్నది. పిడిని కత్తికి కలిపే సీల తల ఒక పక్క ఆకురాయితో చదునుగా అరగదీసి, పిడిని రంధ్రం ఉన్న చెక్క మీద ఆనించి, 1.5 మి.మీ. పంచ్‌తో సీలని తట్టి బయటికి తీయండి. ఆ పిడికి ఇక మరమ్మతు లేదు. కత్తిని మాత్రం దాచుకుని, చెయ్యి కుదిరాక కొత్త పిడి కట్టుకోవచ్చు. తుప్పు కత్తి పిడి గట్టిగా ఉంటే దాన్ని విప్పకండి. మొదటి కత్తికే సీల తీసి మళ్లీ దిగ్గొట్టడం అనవసరపు తలనొప్పి.

శుభ్రం చేసే ముందు వాదరని చంపేయాలి. గాజు సీసా అడుగు అంచు మీద బరువు వేయకుండా వాదరని రెండు మూడుసార్లు నిలువుగా లాగితే మొద్దుబారుతుంది. తుప్పు పట్టినా చెయ్యి తెగుతుంది, తెగినట్టు తెలిసేసరికే రక్తం కారుతుంటుంది. తర్వాత కత్తిని చదునైన చెక్క మీద వాదర బయటికి పొడుచుకురాకుండా పెట్టి, పిడిని ఆ చెక్కకి టేపుతో కట్టేయండి.

మొదట అన్నిటికన్నా మెత్తని మందుతోనే ప్రయత్నించాలి: పలచటి నూనె, సున్నాలు నాలుగున్న మెత్తని స్టీల్ ఉన్ని. పైపై ఎర్ర తుప్పు చాలావరకు దానికే ఊడిపోతుంది. కింద నల్లని మచ్చ మిగిలితే మిగలనివ్వండి. నల్ల మచ్చ నిలకడైనది, నూనె తుడుస్తూ ఉంటే పాకదు. ఎర్రదే తినేది. ఇక్కడికే ఆపేసి సానకి వెళ్లినా గడ్డం అంతే నున్నగా తెగుతుంది. మొదటి కత్తికి నా సలహా అదే.

అద్దంలా మెరవాలనుకుంటే నీళ్లతో వాడే గరుకు కాగితం తెచ్చుకోండి. 600 నంబరుతో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) మొదలుపెట్టి, దానికి లొంగకపోతేనే 400కి, మరీ తప్పకపోతే 320కి దిగండి. రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు కత్తిరించి, కత్తి ముఖం మీద లోపలికి తీసిన పల్లానికి సరిపోయే బిరడాకి చుట్టి, గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన నీళ్లలో తడపండి. ఎప్పుడూ వెన్ను నుంచి వాదర వైపుకే లాగాలి. ఎత్తి, మళ్లీ వెన్ను దగ్గర పెట్టాలి. వెనక్కి రుద్దితే వేలు వాదరకి ఎదురెళుతుంది.

ఇక్కడ కళ్లకి సాయపడే కిటుకు ఒకటుంది. 400తో రుద్దేటప్పుడు గీతలు కొంచెం కొన వైపు ఏటవాలుగా పడేలా లాగండి. 600కి వచ్చాక కొంచెం మడమ వైపు వాలేలా లాగండి. దీపానికి ఎదురుగా పట్టుకుని తిప్పి చూస్తే, పాత వాలు గీతలు ఒక్కటైనా మిగిలి ఉంటే వేరే దిక్కులో మెరుస్తూ దొరికిపోతాయి. అవన్నీ పోయేదాకా తర్వాతి నంబరు ముట్టుకోవద్దు. 800, 1000, 1500, 2000, ఆ పైన మెటల్ పాలిష్ పేస్టు. 400 నుంచి నేరుగా 1500కి దూకినవాళ్లకి చివర్లో మెరుపు వస్తుంది, ఆ మెరుపు కిందే దువ్వెన పళ్లలా లోతు గీతలూ కనిపిస్తాయి. అప్పుడు మొత్తం వెనక్కి వెళ్లాల్సిందే. గుంట అడుగు కనబడేదాకా రుద్దాలన్న పంతం మాత్రం వద్దు. ఆ పంతానికే మంచి కత్తులు పలచబడి పోతుంటాయి.

తోక (మడమకీ సీలకీ మధ్యనుండే మందపాటి భాగం) మీది ముద్రని, కత్తి ముఖం మీది చెక్కుడు బొమ్మల్ని గరుకు కాగితం తాకకూడదు. షెఫీల్డ్, జోలింగెన్ లాంటి ఊరి పేర్లు, తయారీదారు గుర్తు అక్కడే ఉంటాయి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం 1891 నుంచి అమలైంది. అందుకని ఇంగ్లండ్ అనో జర్మనీ అనో దేశం పేరున్న కత్తి చాలావరకు ఆ తర్వాతి కాలానిదే. ముద్రని పుల్లతో, పాలిష్ పేస్టుతో సున్నితంగా తోమండి. బంగారు పూత అక్షరాలుంటే పేస్టు కూడా వద్దు, సబ్బునీళ్లు, దూది చాలు. ఆ పూత ఎంత పలచనంటే నాలుగుసార్లు పేస్టుతో రుద్దితే మాయమైపోతుంది.

మెషిన్ ఎందుకు వద్దన్నానంటే, ఇది మామూలు కార్బన్ ఉక్కు. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే గడ్డి రంగు, ఇంకా పైకి పోతే నీలం రంగు తిరుగుతుంది, గట్టిదనం దిగిపోతుంది. కాగితమంత పలచని వాదర వేడిని పంచుకోలేదు, రెండు సెకన్లలో మాడుతుంది. అలా మాడిన చోట ఎంత సానపట్టినా పదును నిలవదు. పైగా తిరిగే చక్రానికి వాదర తగులుకుంటే కత్తి విసురుగా మీదికి వస్తుంది.

మడత దగ్గర కత్తి వదులుగా ఊగుతుంటే పిడి పలకకి వాదర కొట్టుకుని పాడవుతుంది. గట్టి ఇనుప దిమ్మె మీద సీల ఆనించి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో సీల తల చుట్టూ ఐదారు తేలిక దెబ్బలు వేయండి, తిప్పి రెండో పక్కా అంతే. తెరిచిన చోట కత్తి తనంతట తాను ఆగితే చాలు. ఇంకో రెండు దెబ్బలు వేద్దామన్న ఆశకి కొమ్ము పిడులు పగులుతాయి.

ఇక సాన. 1000, 4000, 8000 నంబర్ల నీటిరాళ్లు మూడు చాలు. వాడే ముందు రాయిని చదును చేయాలి. పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలక మీద పరిచిన గరుకు కాగితానికి నీళ్లతో రుద్దండి. గళ్లన్నీ ఒక్కసారే చెరిగిపోతే చదునైనట్టు. రాయి పల్లంగా ఉంటే వాదర ఉబ్బెత్తుగా అరిగి, సాన అయ్యాక వాదరని లాగే చదునైన తోలు పట్టీ మీద కొన్ని చోట్ల ఆనదు. వెన్నుకి ఒక వరస కరెంటు టేపు అంటించండి, వెన్ను అరగకుండా కాపాడుతుంది. కోణం సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది, దానివల్ల నష్టం లేదు. టేపు చిరిగితే వెంటనే మార్చండి.

వాదరకి రెండు పక్కలా సన్నగా మెరిసే వాలుంటుంది. దానికి మార్కర్ సిరా పూసి, 1000 రాయి మీద వాదర ముందుండేలా ఐదుసార్లు తోసి భూతద్దంతో చూడండి. రాయి కత్తి పొడవంత వెడల్పు ఉండదు కాబట్టి, మొదట మడమ రాయి మీద ఉండి చివరికి కొన రాయి మీదికి వచ్చేలా ఏటవాలుగా జరపాలి. సిరా వాదర మొన దాకా చెరగకపోతే రాయి ఇంకా మొనకి తగల్లేదని అర్థం. కొన దగ్గర మాత్రమే మిగిలితే కత్తికి వంపు ఉంది, తోపు చివర్లో మడమ వైపు కాస్త ఎత్తి, కొన రాయికి ఆనేలా చూసుకోవాలి. వేలు బలం వేయకండి. పల్లం తీసిన కత్తి వంగుతుంది, వంగితే వాలు అబద్ధం చెబుతుంది. 1000 మీదే ముంజేతి వెంట్రుకలు చర్మానికి ఆనుకుని, వాదర పొడవునా ప్రతి చోటా తెగాలి. తెగనిదే 4000కి వెళ్లకండి. కొత్తవాళ్ల కత్తులు చాలావరకు ఇక్కడే చెడతాయి: వాలు పూర్తిగా పడకుండా పై నంబర్లకు వెళ్తారు, తర్వాత ఎంత రుద్దినా నునుపు వస్తుంది గానీ పదును రాదు.

4000 మీద ముప్పై, 8000 మీద నలభై తోపులు, కత్తి బరువుతోనే. ఆ తర్వాత టేపు తీసి, వెన్నుకి అంటిన జిగురు తుడిచి, నార పట్టీ మీద ఇరవై, తోలు పట్టీ మీద యాభై అరవై సార్లు లాగండి. పట్టీ మీద దిక్కు తారుమారవుతుంది, వెన్ను ముందు, వాదర వెనక. చివరికి చేరాక వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. వాదర మీద తిప్పితే పట్టీ తెగుతుంది, గంట శ్రమ ఒక్క క్షణంలో పోతుంది. పట్టీ బిగుతుగా ఉండాలి, సడలితే మొన గుండ్రబడుతుంది.

గీసుకునే ముందు కత్తి ముఖాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, పిడిని అందులో ముంచొద్దు. వాడాక పూర్తిగా ఆరబెట్టి, పలచగా మినరల్ నూనె రాయండి. తోలు సంచిలో దాచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది.

మొదటి గీత చెంప చదునైన చోట, చర్మం లాగి పట్టుకుని, కత్తిని 30 డిగ్రీలు వంచి వేయండి. వెంట్రుక లాగుతుంటే ఆపి, ముందు తోలు పట్టీ మీద ఇంకో ఇరవై సార్లు. అప్పటికీ లాగితే, టేపు మళ్లీ అంటించి 8000 మీద పది తోపులు, మళ్లీ పట్టీ. దానికీ మారకపోతే తప్పు పైన లేదు, సిరా పూసి 1000 రాయి దగ్గరికి వెళ్లండి.