ఓడలో బ్యాండ్ వాయిస్తుంటే, డ్యాన్స్ రాని దంపతులు ఏం చేయాలి?

మీ ప్రశ్న చదవగానే మూడేళ్ళ కిందటి మా సంగతే గుర్తుకొచ్చిందండి. మీ అబ్బాయి మీ ఇద్దరికీ ఏడు రాత్రుల ఓడ ప్రయాణం ఏర్పాటు చేశాడనీ, అందులో రోజూ రాత్రి బ్యాండ్ వాయిస్తుంటే జంటలు డ్యాన్స్ చేస్తాయని విన్నారనీ, ఒక్క అడుగైనా రాని మీరు ఆ హాలుకు వెళ్ళవచ్చా, వెళితే ఎలా మసలుకోవాలనీ అడిగారు. తప్పకుండా వెళ్ళండి. రికార్డు పాటలు పెట్టే చోటికి కాదు, మనుషులు కూర్చుని వాయించే చోటికే వెళ్ళండి. కొత్తగా అడుగు వేసేవారికి ఈ రెండింటికీ ఉన్న తేడాయే అన్నిటికన్నా ముఖ్యమని నా అనుభవం.

మాది రాజోలు దగ్గర పల్లె. మా నాన్నగారు సన్నాయి మేళంలో డోలు వాయించేవారు. ఉద్యోగంలో చేరేదాకా నేనూ ఆయన పక్కన కూర్చుని తాళం పట్టాను. పాశ్చాత్య సంగీతంతో నాకు పరిచయం లేదు గానీ, వాయించేవాడి చేయి ఎటు పోతోందో కనిపెట్టడం మాత్రం చిన్నప్పుడే అలవాటైంది. మా అబ్బాయి మమ్మల్ని ఎక్కించింది ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే క్వీన్ మేరీ 2 అనే ఓడ. 2004 నుంచి తిరుగుతున్న ఈ ఓడలోని క్వీన్స్ రూమ్‌కు సముద్రం మీది బాల్‌రూమ్‌లలో, అంటే డ్యాన్స్ హాళ్ళలో, అతి పెద్దదని పేరు. మొదటి రాత్రి మేము వెనక వరుసలో కూర్చుని చూస్తూ ఉండిపోయాము.

నా చూపు డ్యాన్స్ చేసేవారి మీద కన్నా డ్రమ్ముల దగ్గరున్న నడివయసు మనిషి మీదే నిలిచింది. అతని చేతుల్లో కర్రలకు బదులు సన్నటి తీగల కుంచెలున్నాయి. వాటితో డ్రమ్ము మీద ఊడ్చినట్టుగా మెల్లగా రాస్తూ, మూడు మాత్రలకొకసారి (మాత్ర అంటే తాళంలో ఒక దెబ్బ) చిన్నగా తడుతున్నాడు. అతని కళ్ళు వాద్యం మీద లేవు, నేల మీద తిరుగుతున్న కాళ్ళ మీద ఉన్నాయి. మన జాతరలో అమ్మవారి గరగను తలకెత్తుకుని ఆడే మనిషి అడుగు తడబడితే డప్పువాళ్ళు అది కనిపెట్టి, కాలం కాస్త పట్టి ఉంచి, అతన్ని మళ్ళీ దారిలోకి తెచ్చుకోవడం మీరూ చూసే ఉంటారు. అక్కడ జరుగుతున్నదీ అదే. అది చూశాక నాకు భయం పోయింది.

ఆ తరువాత ఇంకో చిన్న ప్రయాణం చేశాము, ఆ ఓడ పేరు అనవసరం. అక్కడ సాయంత్రం కాసేపు మాత్రమే బ్యాండ్ ఉండేది, ఆ పైన ఒకతను ల్యాప్‌టాప్‌లో పాటలు పెట్టేవాడు. పాట మూడు నిమిషాలకు తెగిపోయేది. కొత్తవాళ్ళకు కాళ్ళు కుదురుకునేదే అప్పుడు కనుక, కుదిరే సమయానికి పాట ముగిసి, దానికి సంబంధం లేని వేగంతో మరొకటి మొదలయ్యేది. మా పాపికొండల లాంచీ ప్రయాణంలో లౌడ్‌స్పీకర్‌లో సినిమా పాటలు పెట్టి అందరినీ లేవమన్నప్పుడు కూడా నాకు ఇలాంటి బాధే కలిగింది. అంత గోదావరి మీద, ఒక్క సన్నాయి ఉన్నా ఎంత బాగుండేదో. బ్యాండ్ అయితే మీరు నేల మీద ఉన్నారని చూసి చరణాన్ని ఇంకోసారి వాయిస్తుంది, వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అందుకే ఎక్కిన రోజే మీ గదిలో ఉంచే దినచర్య కాగితంలో బ్యాండ్ ఏ గంటకు, ఏ హాలులో వాయిస్తుందో చూసి పెట్టుకోండి.

సముద్రం మీదే గడిచే రోజుల్లో పగటిపూట డ్యాన్స్ క్లాసు ఉంటుంది. దానికి వెళ్ళడానికి సిగ్గుపడకండి, అక్కడికి వచ్చేవారిలో చాలామంది మీలాంటివారే. ముందుగా వాల్ట్జ్ నేర్చుకోండి. అది మూడు మాత్రల నడక, మన తాళాల్లో తిశ్రం అనేది అదే. టీచరు ఇంగ్లీషులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే మా ఆవిడకు అందలేదు గానీ, నేను పక్కన నిలబడి ‘తకిట, తకిట’ అనగానే ఆవిడ కాలు దానంతటదే కదిలింది. పోటీల్లో వాల్ట్జ్ వేగం నిమిషానికి 84 నుంచి 90 మాత్రలు, వియన్నా వాల్ట్జ్ వేగం సుమారు దానికి రెట్టింపు. కాబట్టి బ్యాండ్ వియన్నా వాల్ట్జ్ ఎత్తుకుంటే కూర్చుని వినడమే మేలు. ఫాక్స్‌ట్రాట్, చా-చా అనే డ్యాన్సులు నాలుగు మాత్రలవి, వాటి సంగతి తరువాత చూసుకోవచ్చు.

క్వీన్ మేరీ 2లో మూడో రాత్రి మేము డ్యాన్స్‌కు లేచాము. నాలుగడుగులు బాగానే పడ్డాయి, తరువాత మా ఆవిడ తప్పింది. మేము బ్యాండ్‌కు దగ్గరగానే ఉన్నాము. డ్రమ్ముల మనిషి మా వైపు ఒకసారి చూసి, ప్రతి తకిటలోనూ మొదటి మాత్ర మీద చేతిని కొంచెం బరువుగా వేయడం మొదలుపెట్టాడు. మిగిలిన జంటలకు ఆ తేడా తెలిసి ఉండదు. మా ఆవిడ మాత్రం, “ఏవండీ, ఇప్పుడు ‘త’ ఎక్కడుందో వినిపిస్తోంది” అంది. పాట అయ్యాక నేను అతని దగ్గరకు వెళ్ళి చేతులు జోడించాను, అతను తన తీగ కుంచెలను గుండెకు ఆనించుకున్నాడు.

ఎవరూ చెప్పక నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. మనకు గుడి చుట్టూ ప్రదక్షిణం తిరిగే అలవాటు కదా, నేను మా ఆవిడను అటే నడిపించి ఎదురుగా వస్తున్న ఒక పెద్ద జంటకు తగిలాను. డ్యాన్స్ నేల మీద అందరూ తిరిగేది దానికి వ్యతిరేక దిశలో, అంటే గడియారం ముళ్ళు తిరిగే వైపుకు కాకుండా రెండో వైపుకు. చురుకుగా సాగే జంటలు అంచున తిరుగుతాయి. చా-చా, రుంబా వంటివి ఉన్నచోటనే చేసేవి కనుక వాటికి మధ్య స్థలం వాడుకుంటారు. వాల్ట్జ్ చేస్తూ అడుగు తప్పినా మధ్యకు జరిగి ఆగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చీర కట్టుకుంటే ఒక జాగ్రత్త అవసరం. మీరు ముందుకు అడుగు వేసినప్పుడు ఆవిడ వెనక్కి వేయాలి కనుక, కుచ్చిళ్ళు నేరుగా మీ బూటు కిందకు వస్తాయి. చీరను చీలమండకు రెండు వేళ్ళు పైకి కట్టి, కుచ్చిళ్ళను లోపలి వైపు ఒక పిన్నుతో కలిపి ఉంచమనండి. మీరు రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోకండి. అవి నేలను పట్టేస్తాయి, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. తోలు అడుగున్నవి మంచివి.

ఓడ ఊగుతుందేమో అన్న అనుమానం కూడా రాశారు. ఊగుతుంది. అయిదో రాత్రి అల పెద్దదై నేల మెల్లగా ఒరిగింది, బ్యాండ్ వేగమైన పాటలను పక్కన పెట్టింది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నిలబడి గోదావరి దాటి నరసాపురం వెళ్ళిన మనకు ఇది కొత్త కాదు. మోకాళ్ళు కాస్త వదులుగా ఉంచి, అడుగులు చిన్నవి చేసుకుంటే చాలు.

మీ వదినగారు ఒంటరిగా వస్తున్నారన్నారు. క్వీన్ మేరీ 2లో డ్యాన్స్ హోస్టులని కొందరు పెద్దమనుషులు ఉంటారు. జోడీ లేకుండా వచ్చిన స్త్రీలతో డ్యాన్స్ చేయడమే వారి పని, ఒక్కరితోనే కాకుండా అందరితోనూ చేయాలన్నది వారికి నియమం. వచ్చి మర్యాదగా అడుగుతారు. ఇష్టం లేకపోతే నవ్వి వద్దంటే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. మీ ఓడలో ఈ ఏర్పాటు ఉందో లేదో ముందే కనుక్కోండి, అన్నిటిలోనూ ఉండదు.

కావలసిన పాటను బ్యాండ్‌ను అడగవచ్చు. సుమారు ముప్పావుగంట వాయించి విరామం తీసుకుంటారు, అప్పుడు వెళ్ళి అడగండి, పాట మధ్యలో వద్దు. 1912లో టైటానిక్ మీద వాయించిన 8 మంది వాద్యకారుల దగ్గర 352 పాటల పుస్తకం ఉండేదనీ, ప్రయాణికులు అంకె చెబితే ఆ పాట వాయించవలసి వచ్చేదనీ చదివాను. ఓడ మునిగిపోయేవేళ కూడా వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. అది తలచుకుంటే ఓడ మీద వాద్యం పట్టిన ప్రతివారి మీదా నాకు గౌరవం కలుగుతుంది. అందుకే పాట ముగియగానే చప్పట్లు కొట్టడం మరచిపోకండి.

మీకు ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. రోజూ సాయంత్రం వసారాలో పదిహేను నిమిషాలు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, నోటితో తకిట అనుకుంటూ అడుగులు వేయండి. మొదటి వారం పాట పెట్టకండి. ‘త’ మీద కాలు తప్పకుండా పడుతోందని ఇద్దరికీ నమ్మకం కుదిరాక ఏదైనా నిదానమైన వాల్ట్జ్ పెట్టుకుని, చీరతో, బూట్లతో ఒకసారి చేసి చూడండి.