ఎస్‌ఏసీడీ ప్లేయర్‌ను వెనక్కి తీసుకోనంటున్న విక్రేతపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఎస్‌ఏసీడీ (సీడీ కన్నా మెరుగైన ధ్వనినిచ్చే సూపర్ ఆడియో సీడీ) డిస్కులు ఆడుతుందని ప్రకటించిన ప్లేయర్‌ను ఒక ఆన్‌లైన్ వేదికలో చెన్నై విక్రేత నుంచి 78 వేల రూపాయలకు కొన్నాను. ఆప్టికల్ కేబుల్‌తో ఆంప్లిఫయర్‌కు కలిపితే మామూలు సీడీ ధ్వనే వస్తోంది. పెట్టె తెరిచారు కాబట్టి వాపసు లేదంటున్నారు. కేసు వేయవచ్చా? ఈ డిస్కులను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటే నేరమా?

జవాబు: కేసు వేసే హక్కు మీకుంది. అయితే మీరు చెప్పిన ఒక్క లక్షణంతో ప్లేయర్‌లో లోపం ఉందని తేలదు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1999లో తెచ్చిన ఈ ఫార్మాట్‌లో, కాపీలను అరికట్టడం కోసం, డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీలో ధ్వనిని నమోదు చేసే డిజిటల్ పద్ధతి) ధ్వనిని ఆప్టికల్, కోయాక్సియల్ కేబుళ్ల గుండా పంపనివ్వరు. హైబ్రిడ్ డిస్కులో ఎస్‌ఏసీడీ పొరతో పాటు ఏ సీడీ ప్లేయరైనా చదవగల మరో పొర కూడా ఉంటుంది కనుక, మీకు వినిపిస్తున్నది ఆ పొరే కావచ్చు. అందువల్ల నోటీసు పంపే ముందు ప్లేయర్‌ను అనలాగ్ అవుట్‌పుట్ ద్వారా గానీ, రెండు పరికరాలకూ ఆ సదుపాయం ఉంటే హెచ్‌డీఎమ్‌ఐ ద్వారా గానీ కలిపి, సెట్టింగులలో ఎస్‌ఏసీడీ పొరను ఎంచుకుని చూడండి. సీడీ పొర లేని డిస్కు ఒకటి దొరికితే అంతకన్నా మంచి పరీక్ష లేదు. దాన్ని ప్లేయర్ అసలు చదవకపోతే, డిస్కు బాగున్నంత వరకు, విక్రేతకు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఆ పరీక్షలో ప్లేయర్ సరిగా పనిచేస్తే, ఆప్టికల్ ద్వారా కూడా ఎస్‌ఏసీడీ వినవచ్చని ప్రకటనలో ఉంటే తప్ప, మీ ఫిర్యాదు నిలవడం కష్టం. పనిచేయకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పిన ప్రమాణం వస్తువులో లేకపోవడం కూడా లోపమే. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోననడానికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు విక్రేతకు అవకాశం ఇవ్వవు. పెట్టె తెరవకుండా ప్లేయర్‌ను పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, ఆయన చెబుతున్న కారణం చట్టం ముందు బలహీనమైనది. ఉత్పత్తి పేజీని రాత్రికి రాత్రి మార్చేయగలరు కాబట్టి, దాని స్క్రీన్‌షాట్లను ఈరోజే తీసి బిల్లుతో, సందేశాలతో కలిపి భద్రపరచండి.

ఇంట్లో వినడానికే కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులే. చెన్నై వెళ్లనవసరం లేదు. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే గనుక రుసుము ఉండదు. వివాదకారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంది. విక్రేతతో పాటు ఆన్‌లైన్ వేదికను కూడా ప్రతివాదిగా చేర్చండి. లోపాన్ని పరీక్షతో మాత్రమే తేల్చగలమని కమిషన్ భావిస్తే సెక్షన్ 38 కింద ప్లేయర్‌ను ప్రయోగశాలకు పంపుతుంది కాబట్టి, ఆలోగా దాన్ని బయట ఎవరి చేతా విప్పించకండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని వివాదాలు అక్కడే పరిష్కారమవుతాయి.

కాపీ విషయానికి వస్తే, కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే 2 సంవత్సరాల వరకు జైలు, జరిమానా పడవచ్చు. ఇక్కడ ఉద్దేశమే కీలకం. సొంత వినియోగానికి చేసే న్యాయమైన వాడకాన్ని సెక్షన్ 52(1)(ఎ) ఉల్లంఘనగా లెక్కించదు గనుక, మీరు కొన్న డిస్కును మీరే వినడానికి కాపీ చేసుకోవడం నేరం కాదన్నది నా అభిప్రాయం. ఆ ఫైళ్లను మిత్రులకు పంచినా, డిస్కులు అమ్మేసి కాపీలు ఉంచుకున్నా ఈ వాదన మీకు అక్కరకు రాదు.