ఎమ్మెస్సీ గణితంలో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ గణితం సీటు వచ్చిందని మీ నాన్న ఫోను చేసి చెప్పినప్పుడు ఎంత సంతోషించానో! కానీ చిత్తూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తానంటున్నావట. ఆ ఆలోచన మానుకో తల్లీ. డెబ్బై కిలోమీటర్లు పోయి రావడానికి రోజుకు మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. అంతకన్నా నా బెంగ సాయంత్రాల గురించి. క్లాసులయ్యాక ఖాళీ గదిలో ఇద్దరు ముగ్గురు నల్లబల్ల ముందు నిలబడి ఒక నిరూపణ మీద వాదించుకుంటారు. ఎమ్మెస్సీలో సగం చదువు అక్కడే సాగుతుంది. బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసుకునే పిల్లకు అది దక్కదు. హాస్టల్లో చేరు. ఖర్చు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

డిగ్రీలో నీకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతిని మాత్రం ఇక వదిలెయ్యాలి. ముఖ్యమైన ప్రశ్నలు ఏరుకొని సిద్ధాంతాలు బట్టీ పడితే సెమిస్టర్ పరీక్షలు ఇప్పుడూ గట్టెక్కుతాయి. ప్రమాదమంతా అందులోనే ఉంది. మార్కులు వస్తూనే ఉంటాయి, గణితం వంటబట్టదు.

రియల్ అనాలిసిస్‌లో యూనిఫాం కంటిన్యుటీ చదువుతావు కదా. ప్రమేయం విలువల తేడా మనం అడిగినంత చిన్నదిగా ఉండాలంటే బిందువులు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పేదే డెల్టా. మామూలు కంటిన్యుటీలో అది బిందువును బట్టి మారవచ్చు. ఇక్కడ ఒకే డెల్టా అన్ని బిందువులకూ సరిపోవాలి. ఇది చదివి తలూపి పేజీ తిప్పకు, కాగితం తీసుకో. సంఖ్యకు దాని వర్గాన్నిచ్చే ప్రమేయం వాస్తవ సంఖ్యలన్నిటి మీదా కంటిన్యుయస్, కానీ యూనిఫాం కాదు. ఎందుకని? ఎన్ అనే బిందువునూ, దానికి ఒకటి బై ఎన్ కలిపితే వచ్చే బిందువునూ పక్కపక్కన పెట్టు. ఎన్ పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం సున్నాకు చేరువవుతుంది. వాటి వర్గాల తేడా మాత్రం ఎప్పుడూ రెండు కన్నా ఎక్కువే. విస్తరించి చూసుకో. అదే ప్రమేయాన్ని సున్నా నుంచి ఒకటి వరకు, రెండు చివరలూ కలుపుకొని తీసుకుంటే యూనిఫాం అవుతుంది. ఇప్పుడు ఆ చివరలు తీసెయ్యి. వర్గానికి ఏమీ కాదు, ఒకటి బై ఎక్స్‌కు మాత్రం కుదరదు. ఎందుకో నీ మాటల్లో రాసుకో. ఇలా అడుగుతూ పోతే కాంపాక్ట్‌నెస్ (వాస్తవ సంఖ్యల్లో అయితే చివరలు కలుపుకొని, హద్దుల్లో ఉండే గుణం) అవసరం ఎక్కడ వచ్చిందో ఆ అధ్యాయం మొదలుకాకముందే నీకు తెలుస్తుంది.

ప్రతి సిద్ధాంతాన్నీ ఇలాగే పట్టుకో. నిరూపణ చదవకముందు కనీసం గంటసేపు నువ్వే ప్రయత్నించు. చదివాక ఒక షరతు తీసేసి, నిరూపణలో ఏ వాక్యం నిలవదో వెతుకు. వారానికి రెండు సిద్ధాంతాలే అయినా పర్వాలేదు. లీనియర్ ఆల్జీబ్రా డిగ్రీలో అయిపోయిందని పక్కన పెట్టకు, క్లాసులు మొదలయ్యేలోపు మళ్లీ మొదటి నుంచి చదువు.

పరిశోధన ఫెలోషిప్‌కూ, లెక్చరర్ అర్హతకూ రాసే నెట్ పరీక్ష కోచింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. సీఎస్ఐఆర్ నెట్ గణితం పేపర్లో సి భాగం చూడు. 60 ప్రశ్నలిచ్చి 20 రాయమంటారు, ఒక్కోదానికి 4.75 మార్కులు. సరైన జవాబులు ఒకటికన్నా ఎక్కువ ఉండవచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. అంటే నాలుగు వాక్యాల్లో ప్రతిదానికీ నిరూపణో, దాన్ని తప్పని చూపే ఉదాహరణో అప్పటికప్పుడు తట్టాలి. పైన చెప్పిన అలవాటు లేనివాళ్లకు ఏ కోచింగూ దాన్ని ఇవ్వలేదు.

వేసవిలో గణిత విద్యార్థులకు జరిగే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) శిబిరానికి తప్పకుండా దరఖాస్తు పెట్టు. 1993 నుంచి నడుస్తోంది. అక్కడ ఉపన్యాసం కన్నా ప్రశ్నలడిగి విద్యార్థి చేత చెప్పించడమే ఎక్కువ. తిరుపతికి దగ్గర్లోని ఏర్పేడు వద్ద ఐఐటీ, సైన్సు చదువులకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ రెండూ ఉన్నాయి. అక్కడ గణిత ఉపన్యాసాలకు బయటి విద్యార్థులను రానిస్తారేమో మీ మాష్టార్ల ద్వారా అడిగించు. జాతీయ ఉన్నత గణిత మండలి ఇచ్చే స్కాలర్‌షిప్ ప్రకటనల మీదా ఓ కన్నేసి ఉంచు.

ఎక్కడైనా చిక్కుపడితే ఆదివారం ఫోను చెయ్యి. జవాబు చెప్పను, నువ్వు ఎంతవరకు వచ్చావో అడుగుతాను. కాబట్టి తప్పు పోయిన కాగితాలు కూడా పారేయకుండా ముందు పెట్టుకొని చెయ్యి.

నీ పెదనాన్న