హింస నుంచి మళ్లించే గేమ్ కావాలంటే కొట్లాట ఆపేవాణ్ణి హీరోని చేయండి

మీరు అడిగింది: "కుర్రాళ్లను హింసకు దూరం చేసే వీడియో గేమ్ తయారు చేయాలనుకుంటున్నాం. తుపాకులు, కత్తులు లేకుండా చేస్తే సరిపోతుందా?"

సరిపోదు. నేను గేములు తయారు చేసేవాణ్ణి కాదు. తెనాలిలో కాలేజీల దగ్గర చాలా ఏళ్లు నెట్ సెంటర్ నడిపాను. స్మార్ట్‌ఫోన్లు రాకముందు మా వైపు మగపిల్లలు గేములాడాలంటే మాలాంటి సెంటర్లకే రావాలి. ఎవడు ఎప్పుడు, ఎందుకు చెయ్యెత్తుతాడో వాళ్ల వెనకాల నిలబడి చూశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

మా దగ్గర ఎక్కువగా నడిచింది కౌంటర్ స్ట్రైక్ 1.6. పొద్దుట్నుంచి రాత్రిదాకా తుపాకుల మోతే. అయినా నేను చూసిన పెద్ద గొడవ మాత్రం క్రికెట్ 07 దగ్గర జరిగింది.

ఇంటర్ సెకండియర్ కుర్రాళ్లు ఇద్దరు. ఒకడు కీబోర్డు మీద, ఇంకొకడు జాయ్‌స్టిక్ మీద ఆడుతున్నారు. ఓడినవాడు ఇద్దరి గంట డబ్బులూ కట్టాలని పందెం. ఆఖరి ఓవర్ వచ్చేసరికి వాళ్ల కుర్చీల వెనక పెద్ద గుంపు చేరింది. కీబోర్డు కుర్రాడు ఓడిపోయాడు. అప్పటిదాకా ఏ గొడవా లేదు. వాడు జేబులో చెయ్యి పెట్టి డబ్బులు కూడా తీస్తున్నాడు. ఇంతలో వెనక నుంచి ఎవడో "వాళ్ల నాన్న రాత్రిదాకా ఆటో తిప్పితే గానీ ఆ డబ్బులు రావురా" అన్నాడు. అందరూ నవ్వారు. గెలిచినవాడూ నవ్వాడు.

అంతే, కుర్చీ తిరగబడింది. కాలర్ పట్టుకున్నాడు, కీబోర్డుని వైరుతో సహా పీకి పైకెత్తాడు. నేను కౌంటర్ దాటి వచ్చేలోపే గుంపు రెండుగా చీలి "కొట్టు మామా, చూస్తావేంటి" అని ఎగదోయడం మొదలుపెట్టింది.

అప్పుడు డిగ్రీ చదివే ఒక సన్నపాటి కుర్రాడు, ఎప్పుడూ మూల సిస్టమ్ దగ్గర కూర్చుని తన పనేదో చేసుకునేవాడు, లేచి నా కౌంటర్ వెనక్కి వెళ్లాడు. మెయిన్ ఆపేశాడు, యూపీఎస్ కూడా ఆపేశాడు. గదంతా చీకటి. ఒక్క క్షణంలో అందరి గోలా మారిపోయింది. "కరెంటు పోయిందిరా", "నా అప్లికేషన్ సబ్మిట్ అవలేదన్నా", "టైమ్ ఆపన్నా" అని తలో పక్క నుంచి అరుపులు. ఎగదోసేవాళ్లకు చూడ్డానికి ఏమీ లేకుండా పోయింది. మళ్లీ లైట్లు వేసేసరికి కీబోర్డు బల్ల మీద ఉంది. ఇద్దరూ చెరో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవడూ వెనక్కి తగ్గినట్టు కాలేదు. ఎవడి పరువూ పోలేదు.

తర్వాత ఆ కుర్రాణ్ణి అడిగాను, నీకీ ఆలోచన ఎలా వచ్చిందిరా అని. "మధ్యలోకి వెళ్తే నన్నూ కొడతారన్నా. చూసేవాళ్లు లేకపోతే వాళ్లే ఆగిపోతారు" అన్నాడు.

హింస మీద నేను విన్నవాటిలో ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు. మగపిల్లల మధ్య కొట్లాట కోపంతో మొదలవదు, అవమానంతో మొదలవుతుంది. అది నలుగురి ముందు జరిగిన అవమానమై ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ దగ్గరా ఇదే చూశాను. ఆ గేమ్‌లో చచ్చినవాడు రౌండ్ అయ్యేదాకా ఖాళీగా కూర్చోవాలి. లేచి వెళ్లి బతికున్నవాడి కుర్చీ వెనక చేరతాడు, ఎగతాళి చేస్తాడు, అవతలి టీముకి "బాక్సు వెనకున్నాడురా" అని అందిస్తాడు. నిజమైన తిట్లు అక్కడే పుట్టేవి. రౌండ్ అయ్యేదాకా ఎవరూ సీటు వదలకూడదని, ఓడిన టీమే తర్వాతి మ్యాప్, అంటే ఆట జరిగే చోటు, ఎంచుకోవాలని రూలు పెట్టాను. తుపాకులు అలాగే ఉన్నాయి, గొడవలు మాత్రం బాగా తగ్గాయి.

మన పెద్దవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పబ్‌జీ ఆడారని కాలేజీ కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో దేశమంతా నిషేధించారు, అదీ హింస గురించి కాదు, చైనా యాప్‌లతో పాటు దేశ భద్రత పేరుతో. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు రక్తాన్ని ఆకుపచ్చగా మార్చారు. రంగు మారిస్తే పిల్లాడిలో ఏం మారుతుంది? అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో ఏం చెప్పిందో చూడండి. హింసాత్మక గేముల వల్లే నిజమైన హింస జరుగుతుందనడానికి చాలినంత ఆధారం లేదంది. అరవడం, తోసుకోవడం లాంటివాటితో మాత్రం చిన్నపాటి సంబంధం ఉందంది. ఆ అరుపులూ తోపులాటలే నేను రోజూ చూసినవి. అవి పెరగాలా ఆగాలా అన్నది చుట్టూ ఉన్న మనుషుల చేతిలో ఉంటుంది. నా సెంటర్‌కొచ్చి, నలుగురి ముందు కొడుకు చెంప పగలగొట్టి, "ఈ గేముల వల్లే చెడిపోతున్నాడు" అని నామీద అరిచిన తండ్రులున్నారు. ఆ చెంపదెబ్బ ఆ పిల్లాడికి ఏం నేర్పిందో ఆ తండ్రులు ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక నీతి చెప్పే గేముల జోలికి దయచేసి వెళ్లకండి. ఒక మంచి బాలుడు, ఒక చెడ్డ బాలుడు, మధ్యలో క్విజ్. పిల్లలు వాటిని టీచర్ చూస్తున్నంతసేపే ఆడతారు.

పనికొచ్చే దారిలో ఇప్పటికే కొందరు నడిచారు. ఆడపిల్లల మీద హింస తగ్గించాలని ఐక్యరాజ్యసమితి జనాభా నిధితో కలిసి అమెరికాలోని ఛాంప్లెయిన్ కాలేజీవాళ్లు 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయానికి బ్రేక్‌అవే అనే గేమ్ తెచ్చారు. 8 నుంచి 15 ఏళ్ల అబ్బాయిల కోసం చేసింది. ఉపన్యాసం కాదు, ఫుట్‌బాల్ ఆటే. తోటి ఆటగాళ్లతో, అమ్మాయిలతో ఎలా ఉండాలో మధ్యమధ్యలో నువ్వే ఎంచుకోవాలి, దాని ఫలితం తర్వాత నీకే ఎదురవుతుంది. జట్టు ముందు ఎలా కనిపిస్తామన్నదే అబ్బాయిలకు ప్రాణం, వాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

గేములు తయారు చేసే లువల్ మయెన్ గురించి కూడా చదవండి. దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయిన కుటుంబం, పెరిగింది ఉగాండాలోని శరణార్థి శిబిరంలో. వాళ్లమ్మ మూడేళ్లు దాచిన 300 డాలర్లతో ల్యాప్‌టాప్ కొనిచ్చింది. మా తెనాలి కుర్రాళ్లు పడిచచ్చిన వైస్ సిటీ అనే కాల్పుల గేమే అతనికీ దొరికింది. అది ఆడి, ఇదే పద్ధతిలో శాంతి గురించి ఎందుకు చెప్పకూడదనుకున్నాడు. సలామ్ అనే గేమ్ చేశాడు. అందులో నువ్వు కాల్చవు, ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెత్తే శరణార్థివి. 2018 గేమ్ అవార్డుల్లో అతణ్ణి సత్కరించారు.

ఇంకొకటి 2015లో వచ్చిన అండర్‌టేల్. మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఒక్కణ్ణి కూడా చంపకుండా మొత్తం పూర్తి చేయొచ్చు. కానీ అదే కష్టం. ఎదుటివాడి మనసు కనిపెట్టాలి, వాడి దెబ్బలు తప్పించుకుంటూ ఓపిక పట్టాలి. మీరు నేర్చుకోవాల్సింది ఇదే. గేమ్‌లో కొట్టడం తేలిగ్గా ఉండాలి, ఆపడానికి నేర్పు కావాలి. అప్పుడే కుర్రాడికి పట్టుదల వస్తుంది.

నన్నడిగితే హీరో కొట్టేవాడూ కాదు, కొట్టించుకునేవాడూ కాదు, పక్కన ఉన్న స్నేహితుడు. గల్లీ క్రికెట్‌లో రనౌట్ గొడవ, హాస్టల్లో ర్యాగింగ్, వినాయక నిమజ్జనంలో రెండు వీధుల కుర్రాళ్ల తోపులాట, ఒక్కోటి ఒక్కో లెవెల్. ఎవణ్ణి ముందు పక్కకు లాగాలి, ఎగదోసేవాడి నోరు ఎలా కట్టాలి, ఏ మాట ఎప్పుడనాలి, అన్నీ టైమింగ్ మీద నడవాలి. తొందరపడి "వద్దురా, తప్పురా" అంటే కోపం పెరగాలి. వీడియో తీసేవాడి ఫోను కిందికి దింపితే తగ్గాలి. ఇద్దరికీ తలెత్తుకుని బయటికి వెళ్లే సాకు దొరికితేనే లెవెల్ గెలిచినట్టు. ఓడితే గేమ్ ఓవర్ అని చూపించి ఊరుకోవద్దు. మర్నాడు చూపించండి: కుట్లు, పోలీస్ స్టేషన్ బయట బల్ల మీద కూర్చున్న అమ్మ, హాల్ టికెట్ చేతిలో ఉన్నా రాయలేకపోయిన పరీక్ష.

తెలుగులో మాటలుండాలి, అదీ మన కుర్రాళ్లు మాట్లాడుకునే తెలుగు. తక్కువ ధర ఫోన్లో కూడా నడవాలి. ఖరీదైన ఫోన్లున్న పిల్లలకే అందే గేమైతే ఎవరి కోసం చేస్తున్నట్టు?

టెస్టింగ్‌కి పిల్లల్ని విడివిడిగా గదుల్లో కూర్చోబెట్టకండి. ఒక్కణ్ణి ఆడనిచ్చి, మిగతావాళ్లను వాడి వెనక నిలబెట్టండి. స్క్రీన్‌తో పాటు వెనకవాళ్ల మాటలూ రికార్డు చేయండి. వాడు ఓడిన వెంటనే వాళ్లేమంటున్నారో వింటే మీ గేమ్ పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. తెనాలి వైపు వస్తే చెప్పండి, మా వీధి కుర్రాళ్లను నేనే పోగేస్తాను.