ఆర్థిక సందేహాలు: రిటైరయ్యే వేళ ఇంటి అప్పు తీర్చేయాలా?

ప్రశ్న: నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు కంపెనీలో 1998 సెప్టెంబరులో చేరాను. 2025 ఆగస్టుతో 58 ఏళ్లు నిండి రిటైరవుతున్నాను. పీఎఫ్ రూ.24 లక్షలు, గ్రాట్యుటీ రూ.5 లక్షల వరకు వస్తాయి. ఇంటి అప్పు ఇంకా రూ.11 లక్షలు ఉంది. ఫ్లోటింగ్ (ఎప్పటికప్పుడు మారే) వడ్డీ 8.75 శాతం, ఇంకా ఎనిమిదేళ్లపాటు నెలకు దాదాపు రూ.16 వేలు కట్టాలి. పింఛనుకు వేతన పరిమితి రూ.15,000ను 29తో గుణించి 70తో భాగిస్తే రూ.6,200 పైనే వస్తోంది. అప్పు తీర్చేయమని మా ఆవిడ, డబ్బు చేతిలో ఉంచుకోమని మా బావమరిది అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందుగా పింఛను లెక్కను సరిచేసుకోవాలి, ఎందుకంటే మిగిలిన నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇరవై ఏళ్ల సర్వీసు దాటినందుకు రెండేళ్లు అదనంగా కలిపి 29 అని మీరు వేసుకున్నది సరైనదే. అయితే మొత్తం సర్వీసుకూ రూ.15,000 వర్తించదు. ఉద్యోగుల పింఛను పథకంలో వేతన పరిమితి 2014 సెప్టెంబరు 1న రూ.6,500 నుంచి రూ.15,000కు పెరిగింది, ఆ తేదీకి ముందున్న సర్వీసును పాత పరిమితితోను, తర్వాతి సర్వీసును కొత్త పరిమితితోను విడివిడిగా లెక్కగడతారు. మీ విషయంలో మొదటి 16 ఏళ్లకు సుమారు రూ.1,486, తర్వాతి 11 ఏళ్లకు సుమారు రూ.2,357, వెరసి రూ.3,843 వస్తుంది. అదనపు రెండేళ్లు కలిపినా రూ.4,300 దాటదు. (అసలు వేతనంపై అధిక పింఛనుకు మీరు, మీ యాజమాన్యం ఉమ్మడి ఆప్షన్ ఇచ్చి, అది ఆమోదం పొంది ఉంటే ఈ లెక్క వర్తించదు.) మీ తదనంతరం మీ భార్యకు అందేది ఇందులో సగమే. ఏళ్ల తరబడి నెలనెలా కోత చూసినవారికి ఈ అంకె చేదుగానే ఉంటుంది, కానీ 15,000 వేతనంపై పింఛను ఖాతాకు వెళ్లేది 8.33 శాతం, అంటే రూ.1,250 మాత్రమేనని, యాజమాన్యం వాటాలో మిగిలినదంతా మీ పీఎఫ్‌లోనే చేరిందని గుర్తుంచుకోవాలి.

ఇక అప్పు సంగతి. మీ బావమరిది మాట ప్రకారం రూ.24 లక్షలనూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశారనుకుందాం. మామూలుగా దానికి 60 ఏళ్లు నిండాలి గానీ, 55 దాటి రిటైరైనవారు రిటైర్మెంటు సొమ్ము చేతికందిన మూడు నెలల్లోపు అందులో చేరవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో ఏడాదికి రూ.1,96,800, అంటే నెలకు రూ.16,400 పడుతుంది. ఆ వడ్డీ మొత్తం ఇంటి వాయిదాకే సరిపోతుంది. ఇంటి ఖర్చుకు మిగిలేది పింఛను, పైన నాలుగు వందలు. అదే అప్పు తీర్చేసి మిగిలిన రూ.13 లక్షలను అందులోనే వేస్తే నెలకు సుమారు రూ.8,900 వడ్డీ, దానికి పింఛను కలిపితే పదమూడు వేల వరకు చేతిలో ఉంటాయి. వడ్డీ రేట్ల తేడా వల్ల కలిగే లాభం ఏడాదికి ఆరు వేలే కనుక, అప్పు తీర్చడంలోని అసలు ప్రయోజనాన్ని అక్కడ వెతకనక్కర్లేదు. జీతం ఆగిపోయాక కూడా ఎనిమిదేళ్లపాటు ప్రతి నెలా తప్పనిసరిగా కట్టాల్సిన బాకీ ఒకటి నెత్తిన ఉండడం, దురదృష్టవశాత్తు మీరు లేని రోజు వస్తే రెండు వేల పింఛనుతో మీ భార్య పదహారు వేల వాయిదా కట్టవలసి రావడం, నాకు వీటి గురించే బెంగ. పైగా రేటు పెరిగినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలన్న నిబంధన 2023లో వచ్చినా, రిటైరైనవారి వయసు దృష్ట్యా గడువు పొడిగింపు దొరకడం కష్టం.

కనుక మీ ఆవిడ మాటే సరైనది. ఫ్లోటింగ్ రేటు అప్పును వ్యక్తులు ముందుగా తీర్చేస్తే బ్యాంకు జరిమానా వేయకూడదు. అయితే మీ బావమరిది భయంలోనూ న్యాయముంది: ఒకసారి కట్టేసిన డబ్బు ఆసుపత్రి అవసరానికి వెనక్కి రాదు. అందుకే గ్రాట్యుటీని ముట్టుకోకుండా, ఎప్పుడైనా తీసుకోగలిగేలా బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. పింఛను కోసం ఫారం 10డి మీ కంపెనీ ద్వారా ఇవ్వడం మరచిపోకండి.

ప్రశ్న: నా వయసు 68. మావారు పోయారు. తెనాలిలో సొంత ఇల్లుంది, చేతిలో డబ్బు లేదు. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. రివర్స్ మార్టిగేజ్ తీసుకుంటే బతికుండగానే ఇల్లు పోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: పోదమ్మా. ఇంటిని తనఖా పెట్టుకుని బ్యాంకే మీకు నెలనెలా డబ్బిస్తుంది. అసలుతోపాటు వడ్డీ పేరుకుంటూ పోయినా, ఆ ఇంట్లో ఉన్నంతకాలం మీరు తిరిగి కట్టనక్కర్లేదు. చెల్లింపుల గడువు ముగిసి నెలనెలా వచ్చే డబ్బు ఆగినా, జీవితాంతం అక్కడే ఉండవచ్చు. ఇంటి పన్ను, బీమా, మరమ్మతులు మాత్రం మీవే. మీ తర్వాత పిల్లలు బాకీ తీర్చి ఇల్లు విడిపించుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్మి మిగిలినది వారికిస్తుంది. అమ్మిన ధర బాకీకి చాలకపోతే ఆ లోటును పిల్లల మీద వేయరు.

మీకు చిక్కు వచ్చేది వేరే చోట. ఇల్లు మీవారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీతోపాటు పిల్లలకూ, మీ అత్తగారుంటే ఆవిడకూ సమాన వాటా ఉంటుంది. వారు మీకు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసివ్వనిదే బ్యాంకు ముందుకు రాదు. పిల్లలు అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపితే, వారు రాకుండానే ఇక్కడ పని జరుగుతుంది. ఈ పథకం పేరు వినని శాఖలూ ఉన్నాయి కనుక రెండు మూడు బ్యాంకుల్లో అడగండి.

ప్రశ్న: అప్పు తీర్చి మూడు నెలలైనా బ్యాంకు ఇంటి దస్తావేజులు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం, 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. జాప్యం బ్యాంకుదే అయితే రోజుకు రూ.5,000 చొప్పున మీకు పరిహారం చెల్లించాలి. పత్రాలు పోగొట్టామంటే నకళ్లు తెప్పించే ఖర్చు వారిదే, అందుకు మరో 30 రోజుల వ్యవధి ఉంటుంది. ఈ నిబంధనను ప్రస్తావిస్తూ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. పత్రాలు చేతికొచ్చాక ఈసీ (ఆస్తిపై ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసి చూసుకోండి. తనఖా నమోదై ఉంటే, దాన్ని రద్దు చేయించవలసిందీ బ్యాంకే.